బూర్జువాలకీ (వర్తకుల్లాంటి పట్టణ సంపన్న సామాన్యులకీ) కులీనులకీ తేడా డబ్బులోనేనా?

కాదు, 1789 విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో ఆ ఇద్దరినీ విడదీసింది ఆస్తి కాదు, చట్టం. కులీనుడికి పుట్టుకతోనే ప్రత్యేక హక్కులు ఉండేవి: చాలాచోట్ల రాజుకి కట్టే 'తాయ్' పన్ను మినహాయింపు, నడుముకి కత్తి, మరణశిక్ష పడితే ఉరికి బదులు శిరచ్ఛేదం. బోర్డో రేవులో ఓడలున్న వర్తకుడు ఎంత గడించినా, రైతుతో పాటు మూడో వర్గం (మతాధికారులూ కులీనులూ కాని మిగతా జనం) కిందే లెక్క.

అయితే ఈ గీతను దాటడానికి ఒక దారి ఉండేది, దానికో వెల ఉండేది. 'రాజు కార్యదర్శి' పదవి కొనుక్కుని 20 ఏళ్లు ఉంటే, లేదా పదవిలో ఉండగానే చనిపోతే, కులీనత వారసులకూ దక్కేది. జనం ఆ పదవిని 'మోటువాడి సబ్బు' అనేవారు, సామాన్యపు పుట్టుకను కడిగేస్తుందని. అటువైపు నుంచి కులీనుడు చిల్లర దుకాణం పెడితే హోదా పోయేది. 1781లో తలుపు ఇంకాస్త మూశారు: సైన్యంలో నేరుగా అధికారిగా చేరాలంటే సాధారణంగా నాలుగు తరాల కులీనత చూపాల్సి వచ్చింది.

కులీనులంతా ధనవంతులనీ, ఏ పన్నూ కట్టలేదనీ అనుకోవడం పొరపాటు. పశ్చిమ ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో సొంత పొలం తామే దున్నుకున్న కులీనులున్నారు. 1695లో వచ్చిన తలపన్ను వాళ్ల మీదా పడింది.