రాత్రి ఫోన్ చూస్తే నిద్ర నిజంగా చెడుతుందా?

చెడుతుంది, కానీ తప్పంతా ఫోన్ తెర నుంచి వచ్చే నీలి కాంతిదే అనుకోవద్దు. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది, ఇక పడుకోమని ఒంటికి అందే కబురు అదే. కంటి రెటీనాలో 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉండే నీలి వెలుగును ఇట్టే పట్టేసే కణాలు కొన్ని ఉంటాయి, అవి ఇంకా పగలే అని చెప్పడంతో ఆ కబురు ఆలస్యమవుతుంది. అయితే 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, పడుకునే ముందు 4 గంటలు వెలుగు తెరపై చదివినా, అచ్చు పుస్తకంతో పోలిస్తే నిద్ర పట్టడానికి సగటున 10 నిమిషాలే ఎక్కువ పట్టింది. అంతే! నన్నడిగితే అసలు దొంగలు వేరే: ‘ఇంకొక్క వీడియో’ అంటూ గంట మింగేసే స్క్రోలింగూ, పడుకోబోతూ చూసిన ఆఫీసు మెసేజ్ తెచ్చే టెన్షనూ. తెరపై నీలి కాంతిని తగ్గించే నైట్ మోడ్ వాటినేం ఆపదు. ఫోన్‌ని చేయి అందనంత దూరంలో ఛార్జింగ్‌కి పెట్టి, అలారానికి విడిగా గడియారం వాడండి.