సుషీ కౌంటర్ దగ్గర ఎలా తినాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆఫీసు పనిమీద టోక్యో వెళ్తున్నాను. అక్కడివాళ్లు సంప్రదాయ సుషీ రెస్టారెంటుకు తీసుకెళ్తామన్నారు. చేత్తో తింటే బాగుండదా? సోయాసాస్‌ ఎలా అద్దుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా చేత్తోనే తినండి. నిగిరి సుషీ (పైన చేపముక్క పెట్టిన చిన్న అన్నం ముద్ద) 19వ శతాబ్దం మొదట్లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బళ్ల దగ్గర నిలబడి చేత్తో తిన్న తిండే. చాప్‌స్టిక్స్ వాడినా తప్పులేదు. కాకపోతే చేయి తిరిగిన వంటవాడు అన్నాన్ని గట్టిగా ఒత్తడు. నోట్లో పడగానే మెతుకులు విడిపోవాలి. చాప్‌స్టిక్స్ నొక్కుడుకు ఆ ముద్ద మధ్యలోనే విరిగిపోతుంది.

ఎక్కువమంది తడబడేది సోయాసాస్ దగ్గరే. ముద్దను పక్కకు వాల్చి, బొటనవేలు, మధ్యవేలితో రెండు వైపులా పట్టుకుని, చూపుడువేలు పైన ఆనించండి. చేప అంచు మాత్రమే సాస్‌కు తగలాలి. అన్నం ముంచారంటే సాస్‌ని పీల్చేసుకుని గిన్నెలోనే చితికిపోతుంది, అందులో కలిపిన వెనిగర్, ఉప్పు రుచి తెలియదు. చేప పైభాగం తడిగా మెరుస్తుంటే వంటవాడు కుంచెతో సాస్ ముందే పూశాడని అర్థం, ఇక అద్దకండి. చేపగుడ్లు పెట్టి నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) చుట్టిన ముద్దల్ని వాల్చలేం కదా, పక్కన పెట్టే ఊరవేసిన అల్లం ముక్కను సాస్‌లో ముంచి పైన రాయండి. ఆ అల్లం మామూలుగా ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య నాలుక శుభ్రం కావడానికి తినేది, సుషీ మీద పెట్టుకునేది కాదు. వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద అన్నానికీ చేపకూ మధ్య ముందే ఉంటుంది. వద్దనుకుంటే మొదట్లోనే ‘సబి నుకి’ అనండి.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు పెట్టగానే తినేయడం. అన్నం మన ఒంటి వేడిలో ఉన్నప్పుడే వడ్డిస్తారు. ఫొటోల కోసం ఆగితే అన్నం చల్లారి బిగుసుకుంటుంది, నోరి కరకర పోయి సాగుతుంది. ఒక్కో ముద్ద ఒకే నోటికి. పెద్దదనిపిస్తే కొరకొద్దు, తర్వాతివాటికి ‘షారి సుకునమే’ అనండి, అన్నం తగ్గిస్తారు. ఆ పూట సెంటు రాసుకోకండి, పక్కవాళ్లకు చేప వాసన, రుచి తెలియకుండా పోతాయి. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు.

ప్రశ్న: నేను శాకాహారిని. ఒమకసె భోజనానికి పిలిచారు. వెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒమకసె అంటే ఏం పెట్టాలో వంటవాడికే వదిలేయడం. బుక్ చేసిన సీట్ల లెక్కన చేపలు ముందే కొనిపెట్టుకుంటారు. కూర్చున్నాక చెబితే ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, కాబట్టి బుకింగ్ రోజే అడగాలి. చాలాచోట్ల కుదరదనే అంటారు. కీరదోసతో చేసే కప్పామకి అనే సుషీ చుట్ట ఉన్నా, అదొక్కటే భోజనం కాదు. చేప కనిపించనిదల్లా శాకాహారమనీ అనుకోకండి: గుడ్డు అట్టులో, మిసో సూప్‌లో, ఒక్కోసారి ఇనారి సుషీ చుట్టూ ఉండే వేయించిన టోఫు పొరలో కూడా ఎండబెట్టిన బోనిటో చేపతో కాచిన దాషి అనే రసం కలుస్తుంది. మీకైతే బౌద్ధ సంప్రదాయపు షోజిన్ ర్యోరి భోజనం నయం. అందులో దాషిని కొంబు నాచు, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. పిలిచినవాళ్లకు ఇవాళే చెప్పేయండి. ఆ రోజే రద్దు చేస్తే పూర్తి డబ్బు వసూలు చేసే రెస్టారెంట్లు ఉన్నాయి.