పాచి 18 నుంచి 7 శాతానికి తగ్గింది... మరి చిగుళ్ల నుంచి రక్తమెందుకు?

ప్రశ్న: నా వయసు 36. మూడు నెలల కిందట డెంటల్ క్లినిక్‌లో ఏదో ద్రావణం పుక్కిలించమని చెప్పి, చీకటి గదిలో నీలి దీపం వేసి పళ్లను ఫొటో తీశారు. ఆ రోజు పొద్దున్నే, పళ్లు తోముకోకుండా రమ్మన్నారు. కంప్యూటర్‌లో చూసి పాచి 18 శాతం ఉందన్నారు. పోయిన వారం సాయంత్రం వెళ్తే 7 శాతానికి తగ్గిందన్నారు. కానీ తోముకునేటప్పుడు రక్తం ఇంకా పడుతూనే ఉంది, ముఖ్యంగా కింది పళ్ల దగ్గర. ఈ లెక్కను నమ్మొచ్చా? టెన్షన్‌గా ఉంది. – ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: మీ ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉందమ్మా. మొదటి ఫొటో తోముకోకముందు తీసింది. రెండోది సాయంత్రం తీశారు కాబట్టి, పొద్దున తోముకునే వెళ్లి ఉంటారు. రాత్రంతా పేరుకున్న పాచిని, బ్రష్ పడిన తర్వాత మిగిలిన పాచితో పోల్చి తగ్గిందనుకోవడం కుదరదు. ఎవరికైనా ఒకే రోజు తోముకోకముందు ఒక అంకె, తోముకున్నాక ఇంకో అంకె వస్తాయి.

ఆ శాతం ఎలా వస్తుందో చెబుతాను. మీరు పుక్కిలించింది బహుశా ఫ్లోరెసిన్ అనే రంగు. అది పాచికి అంటుకుని అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తుంది. కంప్యూటర్ ఫొటోలోని ఒక్కో చుక్కను ‘ఇది పాచి, ఇది శుభ్రమైన పన్ను, ఇది చిగురు’ అని విడదీస్తుంది. చిగురును పక్కన పెట్టి, పంటి భాగంలో లక్ష చుక్కలుంటే వాటిలో 18 వేలు మెరిశాయనుకోండి, అదే 18 శాతం. మేం కంటితో చూసి 0 నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతి 1960ల నుంచీ ఉంది. అందులో ఒకే పంటికి నేను 2 వేస్తే పక్క డాక్టర్ 3 వేయొచ్చు. పేస్టులను, బ్రష్‌లను పోల్చి చూసే పరిశోధనల్లో ఆ తేడాయే పెద్ద తలనొప్పి. ఆ పనికి కెమెరా నిజంగా బాగా పనికొస్తుంది.

అయితే కెమెరా ముందు నిలబడి పళ్లు బయటపెడితే పడేది ముందు వైపే. నాలుక వైపు, దవడ పళ్ల వెనక, పంటికీ పంటికీ మధ్య సందులు ఫొటోలోకి రావు. పాచి ఎంత మేర పరుచుకుందో తెలుస్తుందిగానీ ఎంత మందంగా ఉందో తెలియదు. మీకు రక్తం వస్తున్నది కింది పళ్ల దగ్గర కదా, ఓసారి అద్దం ముందు నాలుక పైకెత్తి కింది ముందు పళ్ల లోపలి వైపు చూడండి. లాలాజలం ఊరే నాళాలు అక్కడే నాలుక కింద తెరుచుకుంటాయి. లాలాజలంలోని ఖనిజాలు చేరి మెత్తటి పాచి గట్టిపడి గార అయ్యేది ఎక్కువగా అక్కడే. గోటితో గీస్తే పాచి ఊడి వస్తుంది, గార కదలదు. ఎంత తోమినా పోదు, స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముందు పళ్లు తళతళలాడుతూ, లోపల గార కట్టినవాళ్లు తక్కువేం కాదు.

రక్తం వస్తోందని అక్కడ బ్రష్ ఆపేయకండి, చాలామంది చేసే పొరపాటు ఇదే. 1965లో హెరాల్డ్ లో (Löe) అనే దంతవైద్య పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పళ్లు తోమడం మాన్పించి చూస్తే, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. కాబట్టి మెత్తటి బ్రష్‌ను చిగురు అంచు వైపు కాస్త వంచి, నెమ్మదిగా రెండు నిమిషాలు తోమండి. సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్ రోజుకోసారి వాడండి. ఇంట్లో పాచి ఎక్కడుందో చూసుకోవాలంటే రంగు బిళ్లలు దొరుకుతాయి. నమిలి ఉమ్మేస్తే పాచి ఉన్నచోట రంగు నిలుస్తుంది. నాలుక, పెదాలు కూడా కొన్ని గంటలు ఎర్రగా ఉంటాయి, బయటికి వెళ్లే ముందు మాత్రం వద్దు. రంగులకు అలర్జీ ఉంటే అసలే వద్దు.

డెంటిస్ట్ దగ్గర ఈసారి చిగురుకూ పంటికీ మధ్య సన్నటి కొలపుల్లతో లోతు చూపించుకోండి. 3 మిల్లీమీటర్ల వరకు పర్వాలేదు. 4, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే చికిత్స కావాలి, పాచి శాతం ఎంత తక్కువున్నా సరే. షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఫొటో కూడా తీయించుకోవాలనుకుంటే మొదటిసారిలాగే పొద్దున, తోముకోకుండా వెళ్లండి. అప్పుడు వచ్చే అంకెను ఆ 18తో పోల్చి చూసుకోవచ్చు.