క్రోమ్‌లో గూగుల్ బదులు వేరే సెర్చ్ ఇంజిన్ పెట్టుకోవడం ఎలా?

ఫోన్‌లో అయితే క్రోమ్ తెరిచి, మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ అన్నచోట బింగ్ గానీ డక్‌డక్‌గో గానీ ఎంచుకోండి, అంతే. ఇక అడ్రస్ బార్‌లో అరసవల్లి దర్శనం వేళలు అని కొట్టినా కొత్తదాంట్లోనే వెతుకుతుంది. హోమ్ స్క్రీన్ మీదుండే గూగుల్ పెట్టె మాత్రం మారదు, అది వేరే.

కంప్యూటర్‌లోనూ దాదాపు ఇదే దారి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అయితే సెట్టింగ్స్‌లో సెర్చ్ అని విడిగా ఉంటుంది.

మీరు మార్చకుండానే ముక్కూమొహం తెలియని సైటేదో వచ్చి కూర్చుందా? శ్రీకాకుళంలో నెట్ సెంటర్ సిస్టమ్ మీద కూర్చున్నా, ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ అయినా ఇది జరగొచ్చు, అప్పుడు ఉత్త సెట్టింగ్ మారిస్తే మళ్లీ అదే వస్తుంది కాబట్టి ముందు ఎక్స్‌టెన్షన్స్‌లోకి (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) వెళ్లి, మీరు పెట్టని పీడీఎఫ్ కన్వర్టర్ లాంటివి కనిపిస్తే తీసేయండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.