ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే దాన్ని రాసిన కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌ను, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు కదా, మరి పెద్ద కంపెనీలు దానికి టీవీలో ప్రకటనలు ఎందుకు ఇస్తాయి? మన తెలుగు ఛానళ్ళలో అలాంటివి ఎందుకు కనిపించవు?

ఈ ప్రశ్నకు చాలామంది "మంచి పేరు కోసం" అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకుంటారు. నేను దాన్ని ఒప్పుకోను. ఆ ప్రకటనలు సాఫ్ట్‌వేర్ వాడేవారిని ఉద్దేశించినవి కావు. వాడుకోవచ్చని కాగితం మీద సంతకం పెట్టవలసిన యజమానిని ఉద్దేశించినవి, ఆయన మనసులోని భయాన్ని తీసివేయడానికి తయారుచేసినవి. 2004లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నప్పుడు ఈ సంగతి నా కళ్ళెదుటే జరిగింది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ కంపెనీ తలుపులకు, కిటికీలకు వాడే గొళ్ళాలు, బందులు, తాళాలు టోకున తెచ్చి దుకాణాలకు సరఫరా చేసేది. ఆఫీసులో ఫైళ్ళు పెట్టుకోవడానికి ఒక సర్వరు, మెయిల్‌కు మరొకటి ఉండేవి. గుమాస్తా ఒకరు కొత్తగా చేరిన ప్రతిసారీ వాటికి ఇంకొక లైసెన్సు కొనవలసి వచ్చేది. పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్ మీద విండోస్‌కు బదులు లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, దాని మీద ఫైళ్ళు పంచుకోవడానికి పనికొచ్చే సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి, అందరి ఫైళ్ళూ అందులో పెట్టుకోవచ్చని యజమానికి నేను ఎన్నోసార్లు చూపించాను. ఆయన ఓపిగ్గా విని, చివరికి ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసేవారు: "రేపు ఇది ఆగిపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి?"

దానికి తోడు అప్పట్లో కోర్టు గొడవ ఒకటి నడుస్తోంది. లినక్స్‌లో తమ యూనిక్స్ (అంతకుముందు నుంచీ ఉన్న మరొక ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్ కలిపేశారని ఆరోపిస్తూ ఎస్‌సీవో అనే కంపెనీ 2003 మార్చిలో పెద్ద కంప్యూటర్ కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. మే నెలలో 1500 కంపెనీలకు ఉత్తరాలు రాసి, లినక్స్ వాడుతున్నందుకు మీరు కూడా జవాబుదారులు కావచ్చునని హెచ్చరించింది. మాకు అలాంటి ఉత్తరమేదీ రాలేదు గానీ, యజమాని గారి లాయరు పత్రికలో వచ్చిన వార్తను కత్తిరించి పంపితే, ఆయన దాన్ని తన గదిలోని అట్టబోర్డుకు గుండుసూదితో గుచ్చి పెట్టుకున్నారు. ఆ సూది అక్కడ ఉన్నంతకాలం నేను ఎన్ని లెక్కలు చూపించినా ప్రయోజనం లేకపోయింది.

2004 ఫిబ్రవరి 1, ఆదివారం. అమెరికాలో ఆ రోజు సూపర్ బౌల్, అంటే దేశమంతా టీవీ ముందు కూర్చునే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆ ఆట మధ్యలో 30 సెకన్ల ప్రకటనకు అప్పట్లోనే 20 లక్షల డాలర్లకు పైగా పుచ్చుకునేవారు. అంత ఖరీదైన వేళలో ఐబీఎం చూపించింది కంప్యూటర్‌ను కాదు. తెల్లటి గదిలో లేత రంగు జుట్టున్న పిల్లవాడొకడు నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాడు. వయసు మళ్ళిన ముహమ్మద్ అలీ వాడికి ఎదురుగా కూర్చుని, ప్రపంచాన్ని కదిలించమని చెబుతారు. ఆ పిల్లవాడే లినక్స్.

మరునాడు ఉదయం మా యజమాని చేతిలో కాఫీ కప్పుతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. కప్పును నా మానిటర్ నెత్తిన పెట్టి, "నిన్న అలీ మాట్లాడించిన పిల్లవాడూ, నీ బల్ల కింద ఉన్న ఆ డబ్బా, రెండూ ఒకటేనా?" అని అడిగారు. ఒకటేనని చెప్పాను. ఆయన మోకాలి మీద చేయి ఆనించి వంగి, పక్క రేకు లేకుండా దుమ్ము పట్టి తిరుగుతున్న ఆ పాత యంత్రాన్ని, దానిమీద నేను అంటించిన కాగితాన్ని మొదటిసారిగా శ్రద్ధగా చూశారు. లేచి నిలబడి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "కోర్టులో కేసు నడుస్తుండగానే వాళ్ళు ఇంత డబ్బు పోసి దీన్ని దేశమంతటికీ చూపించారంటే, వాళ్ళ లాయర్లు నా లాయరు కన్నా బాగానే చదివి ఉంటారు." వేసవి రాకముందే మా ఫైళ్ళన్నీ లినక్స్ మీదికి మారిపోయాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, మేము ఐబీఎం దగ్గర ఒక్క వస్తువు కూడా కొనలేదు. ఖర్చు వాళ్ళది, ధైర్యం మాది. తన పోటీదారులతో సహా అందరికీ ఫలితం దక్కే ప్రకటన మీద ఒక కంపెనీ అంత డబ్బు ఎందుకు పెడుతుందన్నదే మీ ప్రశ్నలోని అసలు ముడి. దానికి జవాబు అదే కంపెనీ 2001 ప్రాంతంలో ప్రసారం చేసిన మరొక ప్రకటనలో ఉంది. ఒక ఆఫీసులో సర్వర్ల గది ఖాళీ అయిపోయి ఉంటుంది. దొంగతనం జరిగిందని పోలీసులు వచ్చి, ఏమేమి పోయాయో రాసుకుంటూ ఉంటారు. అంతలో ఒక ఉద్యోగి వచ్చి, దొంగతనమేమీ జరగలేదనీ, పాత సర్వర్లన్నీ తీసివేసి వాటి పనంతా ఆ మూలనున్న ఒక్క యంత్రానికి అప్పగించామనీ చెబుతాడు. దాని మీద నడిచేది లినక్స్, అది ఎవరికైనా ఉచితం. కానీ ఆ మూలనున్న యంత్రం ఉచితం కాదు, దాన్ని అమ్మేది ఐబీఎం. ఊరికి రోడ్డు ఉచితంగా పడితే బస్సులు అమ్మేవాడికి గిరాకీ పెరిగినట్టే, ఆపరేటింగ్ సిస్టమ్ మీద పెట్టే ఖర్చు మిగిలినప్పుడు ఆ డబ్బు యంత్రాల వైపు, నిర్వహణ ఒప్పందాల వైపు మళ్ళుతుంది. పైగా ఆ ఖర్చు తగ్గితే నష్టపోయేది సొంత యూనిక్స్ అమ్ముకునే సన్ కంపెనీ, విండోస్ అమ్ముకునే మైక్రోసాఫ్ట్. 2001లో లినక్స్ మీద 100 కోట్ల డాలర్లు పెడతామని ఐబీఎం 2000 డిసెంబరులో ప్రకటించినప్పుడు దాన్ని దానధర్మంగా చూసినవారు ఈ లెక్క చూసుకోలేదని నా అభిప్రాయం. ఆ ఉత్సాహంలోనే శాన్‌ఫ్రాన్సిస్కో కాలిబాటల మీద శాంతి గుర్తు, హృదయం, లినక్స్ చిహ్నమైన పెంగ్విన్ బొమ్మలు వేయించి, నగర పాలకులకు లక్ష డాలర్లకు పైగా కట్టుకోవలసి కూడా వచ్చింది.

తెల్లగది ప్రకటన నాకు మేలు చేసినా, అందులో ఒక విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2003లో వచ్చిన మొదటి, పొడవైన రూపంలో ఆ పిల్లవాడికి పాఠాలు చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వస్తారు. బాస్కెట్‌బాల్ శిక్షకుడు జాన్ వుడెన్ వస్తారు, సినిమా దర్శకురాలు పెన్నీ మార్షల్ వస్తారు. 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉండి లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ మాత్రం రాడు. రాత్రుళ్ళు మేలుకుని దోషాలు సరిదిద్ది పంపిన వేలాది మందికి గుర్తుగా కూడా ఎవరూ రారు. దీనికి పూర్తి విరుద్ధమైనది 2004 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ అనే ఓపెన్ సోర్స్ బ్రౌజర్ కోసం న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన రెండు పేజీల ప్రకటన. అది టీవీ ప్రకటన కాదు, ఏ పెద్ద కంపెనీ ఇచ్చినదీ కాదు. వాడేవారే చందాలు వేసుకుని ఇచ్చారు, చందా ఇచ్చిన సుమారు 10,000 మంది పేర్లు అందులో చిన్న అక్షరాలతో కిక్కిరిసి ఉన్నాయి. కంపెనీ ప్రకటనలో చివరికి మిగిలేది కంపెనీ పేరే.

మన దేశంలో టీవీ చూసేవారికి దీనికి దగ్గరగా కనిపించినది గూగుల్ క్రోమ్ ప్రకటన. తంజావూరు చిత్రాలు వేసే కళాకారుడు ఇంటర్నెట్ ద్వారా తన కళకు కొత్తగా కొనుగోలుదారులను సంపాదించుకునే కథ అది. చక్కగా తీశారు. అయితే ఓపెన్ సోర్స్‌గా ఉన్నది క్రోమియం అనే మూల బ్రౌజర్. దాని మీద కట్టిన క్రోమ్ ఉచితమే గానీ, మొత్తంగా ఓపెన్ సోర్స్ కాదు. క్రోమ్ తెరిచినవారు వెతుకులాటకు గూగుల్ దగ్గరికే వెళతారు, ఆ వెతుకులాట పక్కన కనిపించే ప్రకటనల మీదే దాని రాబడి. ఇక్కడ కూడా మూలన ఒక యంత్రం ఉంది, కాకపోతే దాన్ని తెర మీద చూపించలేదు.

ఈమధ్య మెటా కంపెనీ ఓపెన్ సోర్స్ కృత్రిమ మేధ అందరికీ అందుబాటులో ఉంటుందంటూ అమెరికాలో చేసిన ప్రచారం నాకు మరీ అభ్యంతరకరంగా అనిపిస్తుంది. లామా అనే దాని కృత్రిమ మేధ మోడల్ లైసెన్సు ప్రకారం నెలకు 70 కోట్ల మందికి మించి వాడుకరులున్న సంస్థ ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. ఏ సమాచారంతో దానికి శిక్షణ ఇచ్చారో బయటపెట్టలేదు. ఓపెన్ సోర్స్ లైసెన్సులను పరిశీలించి ఆమోదించే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ, లామా తమ ప్రమాణాలకు సరిపోదని స్పష్టంగానే చెప్పింది. అయినా ప్రచారం ఎందుకంటే, ఈసారి సంతకం పెట్టవలసినవారు కంపెనీ యజమానులు కాదు, చట్టాలు చేసేవారు. కృత్రిమ మేధ మీద ఆంక్షలు రాబోతున్న రోజుల్లో ఓపెన్ సోర్స్ అనే మంచి పేరు వారి ముందు ఒక రక్షణగా నిలబడుతుంది. నేను దీన్ని రుజువు చేయలేను గానీ, మా యజమాని ముఖం మారడం చూసినవాడిగా నాకు ఇందులో అనుమానం లేదు.

ప్రకటనకు దొరికే డబ్బు పనికి ఎందుకు దొరకదన్నది నా అసలు ఫిర్యాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. మనం బ్యాంకు సైట్లో పాస్‌వర్డ్ కొట్టినప్పుడు అది దారిలో ఎవరి కంటా పడకుండా కాపాడే సాఫ్ట్‌వేర్ అది, లోకంలోని వెబ్ సర్వర్లలో అధిక భాగం దాని మీదే ఆధారపడి ఉండేవి. అలాంటి దానికి అప్పటివరకు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2000 డాలర్లు. గగ్గోలు పుట్టాక, ఐబీఎం, గూగుల్, ఫేస్‌బుక్ సహా దాదాపు డజను కంపెనీలు ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళు ఇస్తామని లినక్స్ ఫౌండేషన్ ద్వారా ముందుకొచ్చాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు అలాంటి మరికొన్ని సాఫ్ట్‌వేర్లను నిలబెట్టడానికి ఉద్దేశించిన ఆ మొత్తం 40 లక్షల డాలర్లకు లోపే. అదే ఏడాది సూపర్ బౌల్‌లో ఒక్క 30 సెకన్ల ప్రకటన ధర దాదాపు అంతే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. భవిష్యత్తు అందరికీ తెరిచి ఉందనే అర్థం వచ్చే వాక్యంతో 2003లో ఆ పిల్లవాడి ప్రకటన ముగించిన ఐబీఎం, 2019లో లినక్స్ మీద వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ కంపెనీని 3400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ పూర్తి సోర్స్ కోడ్‌ను కొనుగోలుదారులకే పరిమితం చేసింది. లైసెన్సు ప్రకారం అలా చేయవచ్చునని వాదించేవారు ఉన్నారు, కానీ ఆ ప్రకటన చూసి నమ్మిన వారిలో ఒకడిగా నాకది మాట తప్పడంగానే తోచింది.

ఇక తెలుగు ఛానళ్ళ సంగతి. ప్రకటన రావాలంటే ఉచిత వస్తువు వెనుక అమ్ముకునే వస్తువు మరొకటి ఉండాలి. మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లను అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఓపెన్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. గుత్తుల పురుషోత్ కుమార్ గీసిన మండలి ఫాంటును ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు. దాని వెనుక అమ్మడానికి సర్వరూ లేదు, నిర్వహణ ఒప్పందమూ లేదు. అందుచేత దానికి ఏ ఛానల్‌లోనూ 30 సెకన్లు దొరకవు. మీ పత్రికకో, ఇంట్లో పెళ్ళి శుభలేఖకో అలాంటి ఫాంటు వాడితే, అడుగున ఒక చిన్న పంక్తిలో దాని పేరు, గీసినవారి పేరు వేయండి. అందుకు ఎవరి సంతకమూ అక్కరలేదు.