భుజం మీది చెయ్యి: ఒక యువ రచయిత్రికి లేఖ

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. ఇద్దరు అబ్బాయిల ప్రేమ మీద వచ్చిన థాయి సీరియల్ ‘బ్యాడ్ బడ్డీ’ని మూడుసార్లు చూశాననీ, అది నిన్ను ఎందుకంతగా పట్టి ఉంచిందో ఇప్పటికీ అర్థం కావడం లేదనీ కథతో పాటు పంపిన ఉత్తరంలో రాశావు. ఆ సంగతి తేల్చుకోకుండానే కలం పట్టావు కాబట్టి నీ కథలో సగం ఆ సీరియల్‌దే అయి కూర్చుంది.

నేనూ దాన్ని చూశాను, మా మనవరాలు ఫోనులో పెట్టిస్తే. 2021 అక్టోబరులో మొదలై 2022 జనవరిలో ముగిసిన 12 భాగాలవి. పక్కపక్క ఇళ్లలో ఉండే రెండు కుటుంబాలకు పడదు. ఒకరి కొడుకు ఇంజనీరింగు చదువుతుంటే రెండోవారి కొడుకు ఆర్కిటెక్చర్ చదువుతుంటాడు. ఎదుటివాడికి ఎన్ని మార్కులొచ్చాయో, ఏ పోటీలో గెలిచాడో చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ కంఠతా ఉంటుంది. పగవాడు గమనించినంత శ్రద్ధగా ఆప్తుడు కూడా గమనించడు. వాళ్ల ప్రేమకు కావలసిన సరంజామా అంతా ఆ పగే ఏళ్ల తరబడి పోగుచేసి పెట్టింది కనుక, అయిదో భాగం చివర మిద్దె మీద ముద్దు వచ్చేసరికి మనకు అది అకస్మాత్తుగా జరిగినట్టు అనిపించదు. మన సినిమాల్లో ఎవరు ఎవరిని ప్రేమిస్తారో గోడమీది పోస్టరే చెప్పేస్తుంది. ఇక్కడ మాత్రం ఒకడు నోరు తెరిచి అడిగితే, కాదన్న జవాబుతో పాటు స్నేహమూ పోతుంది, గుట్టూ బయటపడుతుంది. ఆలస్యానికి అంత బలమైన కారణం దొరకడం కథకుడికి అదృష్టం.

ఆడపిల్లలు ఈ కథలను ఎందుకింత ఇష్టపడతారని కూడా అడిగావు. ఈ రకం ప్రేమకథలు 1970ల నాటి జపాన్‌లో స్త్రీలు గీసిన బొమ్మల కథల్లో వేళ్లూనుకున్నాయి. ఇప్పటి థాయి సీరియళ్లలో చాలావాటికి ఆధారం కూడా స్త్రీలు రాసిన నవలలే. నాకు తోచింది చెబుతాను: తెరమీద ఆడపిల్ల ప్రేమించిన మరుక్షణం ఆమె బట్టలను, నడతను, కులాన్ని తూచడానికి ఊరంతా త్రాసు పట్టుకుని కూర్చుంటుంది. ఆ త్రాసు లేని చోట ప్రేమను కాసేపు నిబ్బరంగా చూడవచ్చు. అలాగని అన్నీ మెచ్చుకోవలసినవేమీ కావు. ‘నాకు మగవాళ్లంటే ఇష్టం లేదు, నువ్వంటేనే ఇష్టం’ అనే మాట ఇలాంటి సీరియళ్లలో అరిగిపోయింది. నీ ఏడో పేజీలోనూ ఉంది, కొట్టెయ్యి. (కథ మధ్యలో పాత్రలు క్రీములు, చిరుతిళ్లు పట్టుకుని ప్రచారం చేయడాన్ని మాత్రం నువ్వు అనుకరించలేదు, సంతోషం.)

ఆ రెండిళ్ల పోరును యర్రగుంట్ల దారిలోని రెండు బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్యకు తెచ్చావు, అది బాగా కుదిరింది. కాని రెండో పేజీలోనే నాటుబాంబు ఎందుకు పేలింది? సీమ అనగానే సినిమావాళ్లు చూపించేదే మనమూ రాయాలా? ‘వాళ్ల పిల్లోనికంటే నీకెందుకు తక్కువొచ్చినాయిరా’ అన్న ఒక్క మాటలో ఎంత పగ పడుతుందో నీకు తెలియనిది కాదు.

అసలు చిక్కు నాలుగో పేజీలో ఉంది. అక్కడ వాళ్ల చేతులు మొదటిసారి తగులుతాయి, గుండెలు ఝల్లుమంటాయి. తల్లీ, అది కడపలో నడవదు. సాయంత్రం ఏడు రోడ్ల దగ్గర అరగంట నిలబడి చూడు: ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని పోతుంటారు, ఒకే బండి మీద ముగ్గురు అతుక్కుని కూర్చుంటారు, ఎండాకాలం రాత్రి మిద్దె మీద ఒకే చాపలో పడుకుంటారు, ఎవరూ తల తిప్పి చూడరు. అంత చనువున్న చోట ప్రేమ మొదలైందని తెలిసేది, వేసే చెయ్యి ఆగిపోయినప్పుడు. నిన్నటి దాకా ఆలోచన లేకుండా స్నేహితుడి భుజం మీద వాలిన చెయ్యి, ఇవాళ సగం దూరం వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, జేబులోంచి ఫోను తీస్తుంది. రెండోవాడు ఆ వెలితిని గమనిస్తాడు, అడగడు. అక్కడ నీకు పది పేజీల కథ ఉంది.

చివర దేవుని కడప గుడిలో వాళ్ల చేత దండలు మార్పించావు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వాళ్ల ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కును మాత్రం గుర్తించలేదు. థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి అలాంటి పెళ్లికి చట్టం ఉంది. నీ పాత్రలకు ఈ తేడా తెలిసే ఉంటుంది కదా. తెలిసీ దండలు మార్చుకుంటే ఆ సన్నివేశం మరోలా ఉంటుంది, పూజారి ముఖం కూడా మరోలా ఉంటుంది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన కారం దోసె అంగడి మాత్రం నన్ను వదలడం లేదు. ఎప్పుడూ ఒకే ప్లేటులో తినే ఇద్దరిలో చిన్నవాడు ఆ రోజు ‘రెండు ప్లేట్లు’ అంటాడు. దోసెలు పోసే ఆమె పెనం మీదనుంచి తలెత్తి ‘ఏమప్పా, కొట్లాడుకున్యారా?’ అని అడుగుతుంది. దానికి వాడేం చెప్పాడో నువ్వు రాయలేదు. అది రాసి పంపు.