జర్మనీకి రాసే ముందు పెన్షన్ ఫైలు తెప్పించండి

మీ అల్లుడి పూర్వీకుడు 1850లలో జర్మనీ నుంచి అమెరికా వచ్చి, అక్కడి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేశారని, సొంత ఊరు తెలియక జర్మనీ ఆర్కైవ్స్‌కు రాయాలనుకుంటున్నారని అడిగారు. అప్పుడే రాయకండి. 1871కి ముందు జర్మనీ ఒకే దేశం కాదు. ప్రష్యా, హనోవర్, బవేరియా, బాడెన్, ఇలా దేని దస్త్రాలు దానివే. బాప్తిస్మాల రిజిస్టర్లు ఏ చర్చివి ఆ చర్చివే. ఊరి పేరు లేకపోతే అక్కడ వెతకడానికి మొదలే ఉండదు.

మా వారి ముత్తాతకు తండ్రి మిస్సోరి రెజిమెంట్‌లో సిపాయి. 1861లో ఆ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరపు జర్మన్లు పెద్ద సంఖ్యలో సైన్యంలో చేరారు. మా అత్తవారింట్లో ‘హనోవర్ మనిషి’ అని తప్ప ఇంకేమీ తెలియదు. హనోవర్ అని నగరమూ ఉంది, రాజ్యమూ ఉండేది!

ముందు రెజిమెంట్ తేల్చుకోండి. నేషనల్ పార్క్ సర్వీస్ వారి సైనికుల డేటాబేస్ ఉచితం. మిస్సోరి అయితే రాష్ట్ర ఆర్కైవ్స్ సైనికుల కార్డులు కూడా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాశారు కాబట్టి కోఖ్ కుక్ అయి ఉండవచ్చు, ష్మిట్ స్మిత్ అయి ఉండవచ్చు. ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ ముందు యోహాన్ అని ఉండటం కూడా మామూలే. పిలిచే పేరు దాని తర్వాతది, దానితోనూ వెతకండి.

సర్వీసు రికార్డులో ఎత్తు, కళ్ల రంగు ఉంటాయి కానీ, పుట్టిన చోటు దగ్గర తరచు ‘జర్మనీ’ అని రాసి వదిలేస్తారు. అసలు సరుకు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని పెన్షన్ ఫైలులో ఉంటుంది. 1907 చట్టం ప్రకారం 62, 70, 75 ఏళ్లు నిండినప్పుడల్లా పెన్షన్ పెరిగేది. దానికి వయసు రుజువు కావాలి కదా, కొందరు సొంత ఊరి పాస్టరుకు ఉత్తరం రాసి బాప్తిస్మ పత్రం తెప్పించుకున్నారు. 1915లో పెన్షన్ బ్యూరో పంపిన ప్రశ్నపత్రంలో పుట్టిన తేదీ, స్థలం, పిల్లల పేర్లు అడిగారు.

వితంతువుల ఫైళ్లు ఇంకా వివరంగా ఉంటాయి. పెళ్లయిందని, భర్త చనిపోయాడని, మళ్లీ పెళ్లి చేసుకోలేదని అన్నీ ఆమే నిరూపించుకోవాలి. ఆ అధికారుల అనుమానానికి నేను దణ్ణం పెడతాను. మాకు ఊరి పేరు దొరికింది ఇరుగింటాయన ప్రమాణపత్రంలో: ‘మాదీ ఆమె భర్తదీ ఒకే ఊరు, ఒకే ఓడలో వచ్చాం’ అని ఊరి పేరు చెప్పి మరీ రాయించాడు. అందుకే సాక్షుల పేర్లు వదలకుండా చదవండి.

పెన్షన్ తీసుకోకపోయి ఉంటే హాంబర్గ్ ఓడల జాబితాలు చూడండి. 1850 నుంచి ఉన్నాయి, వచ్చిన ఊరు రాసి ఉంటుంది. బ్రెమెన్‌వి చాలావరకు మిగల్లేదు. పౌరసత్వ కాగితాల మీద పెద్దగా ఆశ వద్దు. 1862 చట్టం సైనికులకు ఆ పని తేలిక చేసింది కానీ, వాటిలో ఊరి బదులు, ఎవరికి విధేయత వదులుకున్నారో ఆ రాజు పేరే ఎక్కువగా కనిపిస్తుంది.

ఊరు తెలిశాక దాని దగ్గర్లో ఏ చర్చిలు ఉండేవో మేయర్స్ గెజెటీర్ (పాత జర్మనీ ఊళ్ల వివరాల పుస్తకం) ఆన్‌లైన్‌లో చెబుతుంది. చర్చి రిజిస్టర్లు చూడటానికి ప్రొటెస్టెంట్లయితే ఆర్కియన్ వెబ్‌సైటు, దానికి డబ్బు కట్టాలి. కాథలిక్కులయితే మాట్రికులా, అది ఉచితం. రిజిస్టర్లలోని కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపికి మాత్రం కొంత సాధన కావాలి.

పెన్షన్ ఇండెక్స్ కార్డులు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. కార్డు మీద వితంతువు పేరిట కూడా నంబరు ఉంటే, ఫైలు అడిగేటప్పుడు రెండు నంబర్లూ రాయండి.